యారాడ తోటల్లో సూదిముక్కు చుట్టాలు

మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం, మధ్యలో కొబ్బరిచెట్లు... విశాఖ వెళ్లొచ్చినవాళ్లకు యారాడ అంటే ఇంతే. కానీ ఆ చెట్ల ఆకుల్ని ఒక్కసారి తిరగేసి చూస్తే మరో లోకం కనిపిస్తుంది. అక్కడి జీవుల్ని మనం దోమలంటాం, నల్లులంటాం. చాలావరకు అవి దోమలూ కావు, మంచాల్లో నల్లులూ కావు. వాటిని సరిగ్గా గుర్తుపట్టడం మీదే రైతు మందుల ఖర్చు, ఒక్కోసారి తోట భవిష్యత్తూ ఆధారపడి ఉంటాయి.

విశాఖ సాగరతీరంలో నిలబడి దక్షిణం వైపు చూస్తే సముద్రంలోకి ముక్కు చాచినట్టున్న కొండ కనిపిస్తుంది. అదే డాల్ఫిన్స్ నోస్. 1933లో ప్రారంభమైన విశాఖ రేవుకు పెనుగాలుల నుంచీ, కెరటాల నుంచీ కాపు కాసేది ఈ కొండే. దాని వెనకాల ఒదిగి ఉంటుంది యారాడ. సింధియా దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే కాసేపటికి నగరం రొద వెనకబడిపోతుంది. మలుపు మలుపుకీ ఓ చిత్రం. ఒకచోట రేవులోని క్రేన్లు, మరోచోట కొండవాలు పచ్చదనం, ఇంకోచోట హఠాత్తుగా నీలిసముద్రం. కొండ దిగితే కొబ్బరితోటలు, ఇసుక, పల్లె. అటు పక్క గంగవరం రేవు, ఉక్కు కర్మాగారం. ఇటు పక్క నౌకాదళ స్థావరం. ఇంత పెద్ద పెద్ద వాటి మధ్య ఇంత చిన్న పల్లె ఎలా మిగిలిందా అనిపిస్తుంది.

మిగలడం అంత తేలికేం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని ఊపేసినప్పుడు నగరం, చుట్టుపక్కల కొండలు ఎన్ని వేల చెట్లను పోగొట్టుకున్నాయో ఇక్కడివారు మరిచిపోలేరు. కొబ్బరిమొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. అందుకే ఈ తీరంలో నిలబడ్డ ప్రతి చెట్టూ విలువైనదే. గాలివాన వస్తే ముందే హెచ్చరిక వస్తుంది. ఆకు అడుగున చేరే శత్రువు మాత్రం చెప్పి రాదు.

మసి ఎక్కడిది?

విశాఖవాసులకు నల్లటి ధూళి కొత్త కాదు. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగుమతి ఎగుమతులు జరిగే నగరం ఇది. కాబట్టి కొబ్బరి ఆకు మీదో, కింద పెరిగే అరటి ఆకు మీదో నల్లని పొర కనిపిస్తే ‘రేవు ధూళే’ అనుకోవడం సహజం. అది ధూళేనా, పురుగు పనా అన్నది తేల్చుకోవడానికి పెద్ద ప్రయోగశాలేమీ అక్కర్లేదు. వేలితో రాసి చూడాలి. పొడిపొడిగా రాలితే ధూళి. వేలికి జిగురుగా తగిలి, పలచని పొరలా ఊడివస్తే అది మసితెగులు. చీమలు బారులు తీరి ఆ కొమ్మ మీద తిరుగుతుంటే ఇక అనుమానమే లేదు.

ఈ మసి ఒక బూజు. చెట్టును తినదు. ఆకు మీద పడిన తియ్యని జిగురు మీద పెరుగుతుంది. పెరిగి, సూర్యరశ్మికి అడ్డుపడుతుంది. ఆకు తన ఆహారం తాను తయారుచేసుకోలేకపోతుంది. మరి ఆ తియ్యని జిగురు ఎక్కణ్నుంచి వచ్చింది? పై ఆకు అడుగున కూర్చుని రసం పీల్చే పురుగులు విసర్జించిందే అది. చెట్టు రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకు కావలసిన పదార్థాలు తక్కువ. వాటి కోసం పురుగు అతిగా తాగుతుంది. అక్కర్లేని చక్కెరనీళ్లను బయటికి వదిలేస్తుంది. చీమలకు అది విందు. బూజుకు పంట పొలం. కాబట్టి మసి కనిపించిన ఆకు మీద కాదు, దానికి పైన ఉన్న ఆకు అడుగున వెతకాలి దొంగను!

దోమ కాని దోమ, నల్లి కాని నల్లి

తెలుగు రైతు నోట ‘దోమ’ అన్న మాట ఎన్ని రకాలుగా వినిపిస్తుందో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. వరిలో సుడిదోమ, పత్తిలో పచ్చదోమ, మిరపలో తెల్లదోమ, జీడిమామిడిలో టీ దోమ. వీటిలో ఒక్కటీ దోమ కాదు. మనల్ని కుట్టే దోమకు రెండే రెక్కలు. అది ఈగల జాతి. పొలంలో దోమలకు మామూలుగా నాలుగు రెక్కలు. వాటిది వేరే వంశం.

‘నల్లి’ కథా ఇలాంటిదే. ఒకప్పుడు నులకమంచాన్ని ఎండలో వేసి, కోళ్ల సందుల్లో మరిగే నీళ్లు పోసి చంపిన నల్లి పొలంలోని సుడిదోమకు దూరపు చుట్టమే. మందారం కొమ్మకు తెల్లగా పట్టే పిండినల్లీ అదే వంశం. కానీ వంగ, బెండ ఆకుల్ని పాలిపోయేలా చేసే ఎర్రనల్లి అసలు కీటకమే కాదు. దానికి ఎనిమిది కాళ్లు. అది సాలీడు బంధువు. 1990ల చివర్లో కేరళలో కనిపించి, తర్వాత కోనసీమ దాకా కొబ్బరికాయల మీద మచ్చలు పెట్టిన నల్లి కూడా సాలీడు వైపు చుట్టమే. మామూలు కంటికి ఆననంత చిన్నది.

పేర్లదేముంది అనుకోవద్దు. పురుగుమందుల దుకాణంలో ‘నల్లి పట్టిందండీ’ అంటే ఏ నల్లి అన్నదాన్ని బట్టి మందు మారిపోతుంది. సాలీడు జాతి నల్లిని చంపే మందు వేరు, పిండినల్లిని చంపేది వేరు. ఆకును కొరికి తినే గొంగళిపురుగు కోసం ఆకుపైన చల్లిన మందు, ఆకు లోపలి రసం పీల్చే పురుగును ఏమీ చెయ్యకపోవచ్చు. డబ్బు పోతుంది, పురుగు మిగులుతుంది. అంతకన్నా ఘోరం... ఆ పురుగును తినే మిత్రపురుగులు చచ్చిపోతాయి.

మూడు గుర్తులు

సూదిలాంటి ముక్కుతో పీల్చే ఈ పెద్ద వంశానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు హెమిప్టెరా. అంటే సగం రెక్క. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో ఈ పేరును స్థిరపరిచాడు. ప్రపంచవ్యాప్తంగా ఇప్పటివరకు 80 వేలకు పైగా జాతుల్ని గుర్తించారు. ఇంగ్లిష్‌లో మామూలు జనం ప్రతి పురుగునీ బగ్ అంటారు. కీటకశాస్త్రంలో మాత్రం ఆ మాట వీటికే సొంతం. అందుకే వీటిని ‘ట్రూ బగ్స్’ అంటారు. కొందరు ఈ వంశంలో సగం రెక్క గట్టిగా ఉన్న శాఖకే ఆ పేరు వాడతారు. గుర్తుపట్టడానికి మూడు సంగతులు చాలు.

మొదటిది ముక్కు. పురుగును తిరగేసి చూస్తే తల కింద నుంచి కాళ్ల మధ్యకు మడిచిపెట్టిన సన్నని గొట్టం కనిపిస్తుంది. అందులో వెంట్రుకలకన్నా సన్నని సూదులుంటాయి. ఒక దారిలో లాలాజలం లోపలికి పోతుంది, మరో దారిలో రసం పైకి వస్తుంది. కొరికే దవడలు ఉండవు.

రెండోది రెక్క. పెంకుపురుగుల రెక్కలు వీపు మధ్యలో గీత గీసినట్టు కలుస్తాయి. అసలు బగ్స్‌లో ముందు రెక్క మొదటి సగం తోలులా మందంగా, చివరి సగం పొరలా పలచగా ఉంటుంది. ముడుచుకున్నప్పుడు వీపు మీద ఇంటూ గుర్తు పడుతుంది. భుజాల మధ్య ముక్కోణం డాలు కనిపిస్తుంది. పేనుబంక, తెల్లదోమ, సుడిదోమల శాఖలో మాత్రం రెక్క అంతా ఒకే తీరుగా ఉండి, ఇంటి కప్పులా వీపు మీద వాలి ఉంటుంది.

మూడోది పెరిగే తీరు. సీతాకోకచిలుకకు గొంగళి దశ, గూడు దశ ఉంటాయి. వీటిలో చాలావాటికి ఆ తంతు లేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కాస్త అటూ ఇటూగా తల్లిలాగే ఉంటుంది, రెక్కలు తప్ప. పిల్లా పెద్దా ఒకే కొమ్మ మీద పీలుస్తుంటాయి. అందుకే ఒక్కటి కనిపించినచోట కుటుంబం మొత్తం ఉంటుంది.

కొబ్బరి మీద తెల్లని సుడులు

ఇక తోటలోకి వెళ్దాం. కొబ్బరి ఆకు అడుగున తెల్లని మైనంతో ముగ్గేసినట్టు గుండ్రటి సుడులు కనిపిస్తే అది రుగోస్ సర్పిలాకార తెల్లదోమ. తెల్లదోమలన్నీ అలైరోడిడే కుటుంబం. ఈ రకం సొంత ఊరు మధ్య అమెరికా. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడింది. అక్కణ్నుంచి కేరళ, కర్ణాటక, గోదావరి తీరం, ఉద్దానం... కొబ్బరి ఉన్న చోటికల్లా విస్తరించింది. కోనసీమకూ, ఉద్దానానికీ మధ్యలో ఉన్న యారాడలాంటి తీరపు తోటల్లో తిరిగేవాళ్లు ముందుగా చూడాల్సింది ఆకు అడుగుభాగాన్నే.

ఈ దోమను చూడగానే మందు డబ్బా తీయడం పెద్ద పొరపాటు అంటారు కొబ్బరి శాస్త్రవేత్తలు. కారణం, ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ. ఆవగింజ కన్నా చిన్నది. తెల్లదోమ పిల్లలో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలే పెరిగి, దోమ పిల్లను తినేసి, గుండ్రని కన్నం పెట్టుకుని బయటికొస్తుంది. దీన్ని ఎవరూ ప్రత్యేకంగా తెప్పించి వదల్లేదు. దోమతో పాటే వచ్చిందని అంచనా. మందు కొడితే ముందు చచ్చేది ఇదే. తెల్లని పిల్లల మధ్య నల్లగా మారినవి కనిపిస్తున్నాయంటే కందిరీగ పని మొదలుపెట్టిందని అర్థం. అలాంటి ఆకుల్ని నరికి తగలెయ్యకూడదు. దోమ ఉండి కందిరీగ లేని తోటకు వాటిని తీసుకెళ్లి కట్టొచ్చు.

కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మరో ఉపాయాన్నీ రైతులకు అందించింది. ఐసేరియా అనే శిలీంధ్రాన్ని నీళ్లలో కలిపి ఆకు అడుగున తడిసేలా చల్లితే అది దోమకు జబ్బు చేయిస్తుంది. గట్టిగా నీళ్లు కొట్టడం, పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం, వేపనూనె వాడటం కూడా పనికొచ్చేవే. వీటన్నిటికన్నా ముఖ్యమైంది, పురుగు పట్టిన చోటి నుంచి మొక్కలు తెచ్చుకోకపోవడం.

కొబ్బరి, అరటి ఆకుల అడుగున మరో చిన్న పురుగూ దొరుకుతుంది. రెక్కలు అచ్చం లేసు అల్లినట్టుంటాయి. దీనిది టింజిడే కుటుంబం. చూడ్డానికి ఎంత అందమో, కేరళలో కొబ్బరి వేరు వాడు తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోసేదిగా అంత చెడ్డపేరు.

గుండుసూది మోసే టీ దోమ

ఉత్తరాంధ్ర ఎర్రనేల కొండవాలుల్లో జీడిమామిడి చూడనివారుండరు. శీతకాలంలో లేత చిగుళ్లు, పూగుత్తులు వచ్చే వేళకు ఓ సన్నని పురుగు హాజరవుతుంది. పొడవాటి మీసాలు, పొడవాటి కాళ్లు. వీపు మీద గుండుసూది గుచ్చినట్టు నిలబడ్డ చిన్న కొమ్ము. ఆ కొమ్ము కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. అదే టీ దోమ. కుటుంబం మిరిడే. తేయాకు తోటల్లో దొరికింది కాబట్టి ఆ పేరు. ముక్కు గుచ్చినచోట దాని లాలాజలం విషంలా పనిచేస్తుంది. చిగురు మీద నల్లమచ్చ పడి, జిగురు కారి, కొమ్మ చివర ఎండిపోతుంది. పూగుత్తి మాడితే ఆ ఏడాది పిక్క లేనట్టే.

అలాగని మిరిడే కుటుంబం మొత్తాన్నీ తిట్టుకోవద్దు. వరిపొలంలో సుడిదోమ గుడ్లను వెతికి వెతికి పీల్చేసే పచ్చని మిరిడ్ నల్లిది కూడా ఇదే కుటుంబం! ఇంటిపేరు ఒకటే, గుణాలు వేరు.

మామిడి పూత మీద చెయ్యి ఆడిస్తే చిటపటలాడుతూ ఎగిరేవి తేనెమంచు పురుగులు. ముందు వెడల్పుగా, వెనక సన్నగా మేకులా ఉంటాయి. సికాడెల్లిడే కుటుంబం. అవి వదిలే జిగురు ఆకుల మీద తేనెలా, మంచులా మెరుస్తుంది. పేరులోనే జబ్బు లక్షణం చెప్పేశారు మన పెద్దవాళ్లు. పూత, పిందె రాలిపోవడానికి ఇవొక ముఖ్య కారణం.

కొమ్మల మీద నింపాదిగా నడిచే మరో రకం ఉంది. తల సన్నగా, ముక్కు పొట్టిగా, కొక్కెంలా వంగి ఉంటుంది. అది రెడువిడే కుటుంబం. మొక్క జోలికి పోదు. గొంగళిపురుగుల్ని పొడిచి పీల్చేస్తుంది. సన్నని తిన్నని ముక్కు ఉంటే చాలావరకు మొక్క రసం తాగేది, పొట్టిగా వంగి ఉంటే వేటగాడు... ఈ ఒక్క తేడా పిల్లలకు చెబితే చాలు, తోటలో సగం పురుగుల్ని వాళ్లే విడదీస్తారు. చేత్తో మాత్రం పట్టుకోనివ్వద్దు. గట్టిగా పొడుస్తుంది.

డాలు ఆకారంలో ఉండి, ముట్టుకుంటే కంపుకొట్టేవి పెంటటోమిడే కుటుంబం. మీసానికి అయిదు కణుపులుంటాయి. వీటిలోనూ కాయల్ని పీల్చేవీ ఉన్నాయి, పురుగుల్ని వేటాడేవీ ఉన్నాయి.

ఇసుకలో, కెరటాల మీద

తోట దాటి సముద్రం వైపు నడిస్తే ఇసుక నేలల్లో పెరిగే జిల్లేడు పలకరిస్తుంది. దాని కాయల మీద ఎరుపు నలుపు చారల పురుగులుంటాయి. లైగేయిడే కుటుంబం. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. ‘తింటే చేదు’ అని పిట్టలకు చెప్పడానికే ఆ ముదురు రంగులు. తీరంలో పెరిగే గంగరావి చెట్టు కింద గింజల చుట్టూ గుంపులు కట్టేవి ఎర్రగా ఉన్నా వేరే కుటుంబం, పిర్రోకోరిడే. పత్తికాయలో చేరి దూదికి మరకలు పట్టించేది వీటి జాతే. మరకపడిన పత్తికి మార్కెట్లో ధర పడిపోతుంది.

ఇక అసలైన వింత నీళ్ల మీద ఉంది. లక్షలాది కీటక జాతుల్లో నడిసముద్రం మీద బతికేవి అయిదంటే అయిదే. ఆ అయిదూ ఈ వంశానివే. పేరు హాలోబేటిస్. కుటుంబం జెర్రిడే. చెరువు నీళ్ల మీద జారుతూ పరుగెత్తే పురుగును చూసే ఉంటారు, అది దీని తోబుట్టువు. రెక్కలుండవు. ఒళ్లు గోధుమగింజ కన్నా పెద్దది కాదు. ఒంటినిండా ఉన్న అతి సన్నని రోమాలు నీటిని దగ్గరికి రానివ్వవు. నీటిపై తేలే చిన్న జీవుల్ని పీల్చి బతుకుతుంది. గుడ్లు పెట్టాలంటే తేలే వస్తువు కావాలి. ఈక దొరికినా సరే, చెక్క దొరికినా సరే. ఇప్పుడు మనం పారేసే ప్లాస్టిక్ ముక్కలూ దానికి గుడ్ల పెట్టెలవుతున్నాయి. బంగాళాఖాతంలోనూ ఇది ఉంది. పెద్ద గాలులు వీచిన మర్నాడు ఒక్కోసారి ఒడ్డుకు కొట్టుకొస్తుంది.

సుడిదోమ నేర్పిన పాఠం

యారాడ కొండ దిగి అనకాపల్లి వైపు వెళ్తే చెరకు, వరి పలకరిస్తాయి. బెల్లం మార్కెట్‌కు పేరుమోసిన ఈ పట్టణంలో చెరకు మీద పరిశోధన 1913లోనే మొదలైంది. చెరకు ఆకు మీద గడ్డిరంగులో, కోసుగా పొడుచుకొచ్చిన ముఖంతో కనిపించేది పైరిల్లా. లోఫోపిడే కుటుంబం. ఇది ఎక్కువైతే రసంలో తీపి తగ్గుతుంది. దీనికీ ఓ సహజ శత్రువుంది. ఎపిరికానియా అనే చిన్న రెక్కలపురుగు. దాని తెల్లని గూళ్లు ఆకుల మీద కనిపిస్తే మందు కొట్టొద్దని, ఆ గూళ్లున్న ఆకుల్ని లేనిచోట కట్టమని చెబుతారు.

వరిలో సుడిదోమది డెల్ఫాసిడే కుటుంబం. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి పీలుస్తుంది. పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. అందుకే ఆ పేరు. పొలానికి గాలి ఆడేలా ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని, మందు తప్పనిసరైతే ఆకుల మీద కాకుండా దుబ్బుల మొదళ్లు తడిసేలా కొట్టమని వ్యవసాయ శాఖ చెప్పేది ఇందుకే.

అతిగా మందు కొడితే ఏమవుతుందో ఇండొనేషియా చూసింది. సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోయి సుడిదోమ మాత్రం తట్టుకుని, రెట్టింపు బలంతో విరుచుకుపడింది. చివరికి 1986లో ఆ దేశం వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. మందు మానేస్తే దోమ తగ్గడం విచిత్రంగా అనిపించవచ్చు. కానీ పొలంలో కాపలా కాసేవాళ్లను మనమే చంపేస్తే దొంగకు అడ్డేముంది?

పీల్చడంతో పోయేది రసమే కాదు. తెల్లదోమ మినుము, పెసరకు పల్లాకు తెగులును, పచ్చదీపపు పురుగు వరికి టుంగ్రో తెగులును అంటిస్తాయి. ఒక మొక్కను పొడిచిన సూదితోనే మరో మొక్కను పొడిస్తే జబ్బు అంటదా మరి!

లక్క ఇల్లు కట్టినదీ ఇదే

ఈ వంశానికి మంచి పేరు తెచ్చినదీ ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అంకుడు కర్రను తిప్పుతూ, రంగు కలిపిన లక్కను అద్ది నున్నగా మెరిపించే బొమ్మలకు పుట్టిల్లు. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ కళకు సహజ రంగుల్ని తిరిగి తెచ్చిన సి.వి.రాజును 2023లో పద్మశ్రీ వరించింది.

ఆ మెరుపంతా ఒక పురుగు చలవే. మోదుగ, రేగు కొమ్మల మీద గుంపులుగా అతుక్కుని రసం పీలుస్తూ, తన చుట్టూ తాను కట్టుకునే గట్టి పొరే లక్క. కెర్రిడే కుటుంబం. పాండవుల కోసం కట్టిన లక్క ఇల్లు మనకు తెలిసిందే. ఒక్క కిలో లక్కకు లక్షల పురుగులు పనిచేయాలి. దీని మీద పరిశోధనకు 1924లోనే రాంచీ దగ్గర నామ్‌కుంలో ఓ సంస్థ వెలసింది.

ఇదే వంశంలోని మరో పురుగు మన పల్లెల్ని ముళ్ల నుంచి కాపాడింది. 1795లో ఎర్రరంగు తీయొచ్చన్న ఆశతో ఈస్టిండియా కంపెనీ కాలంలో బ్రెజిల్ నుంచి కాచినీల్ పురుగును తెప్పించారు. తీరా అది అసలు రకం కాదు. రంగు నాసిగా తేలింది. కానీ ఆ పురుగు ఒక రకం నాగజెముడును తిని తుడిచిపెట్టేసింది. పొరపాటున దొరికిన ఆ ఉపాయంతోనే 1926లో మరో రకం కాచినీల్‌ను శ్రీలంక నుంచి తెచ్చి దక్షిణభారతంలో పొలాల్ని ఆక్రమించిన నాగజెముడు మీదకు వదిలారు. రంగుకు పనికిరాని చుట్టం సేద్యానికి పనికొచ్చింది.

రేవు పక్క ఊరు కాబట్టి...

యారాడ కొండెక్కితే కనిపించే ఓడలకూ ఈ కథతో సంబంధముంది. కొత్త పురుగులు కొత్త దేశాలకు వెళ్లేది మొక్కలతో, పళ్లతో, చెక్కపెట్టెలతో, మనుషుల సామాన్లతోనే. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించిన బొప్పాయి పిండినల్లి మెక్సికో వైపు నుంచి వచ్చిన అతిథి. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటల్ని కుదిపేసింది. మందులకు లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల చిన్న కందిరీగల్ని తెప్పించి వదిలాక గానీ అదుపులోకి రాలేదు. 2018 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ అయితే జపాన్ నుంచి కార్లతో వచ్చిన ఓడల్ని కంపుపురుగులు ఉన్నాయని రేవుకు రానివ్వకుండా తిప్పి పంపింది. ఒక్క పురుగు కోసం ఓడనే వెనక్కి పంపాలా అంటే, తమ పళ్లతోటల ఖరీదు తెలిసినవాళ్లకు అది చిన్న ఖర్చే.

మన దేశంలోనూ పురుగులు, తెగుళ్ల రాకను అడ్డుకునే చట్టం 1914 నుంచీ ఉంది. విదేశీ మొక్కలు, విత్తనాల తనిఖీ నిబంధనల్ని 2003లో మరింత కట్టుదిట్టం చేశారు. ఇలాంటి తనిఖీకి విశాఖలోనూ కేంద్రప్రభుత్వ ప్లాంట్ క్వారంటైన్ కేంద్రం ఉంది. అయితే రేవులో అధికారి ఎంత జాగ్రత్తగా చూసినా, విదేశం నుంచి వస్తూ సంచిలో దాచి తెచ్చే ఒక్క మొక్క, ఒక్క కొమ్మ చాలు. పూలకుండీ మీద మోజు పక్క ఊరి తోటకు ముప్పు కావచ్చు.

యారాడ వెళ్లే కుటుంబాలు పిల్లల చేతికి ఒక భూతద్దం ఇస్తే చాలు. కాళ్లు లెక్కపెట్టమనండి. ఆరైతే కీటకం, ఎనిమిదైతే సాలీడు చుట్టం. ముక్కు చూడమనండి. వీపు మీద ఇంటూ గుర్తు వెతకమనండి. రైతు పిల్లలైతే ఇంకో పని కూడా చెయ్యొచ్చు. దుకాణానికి వెళ్లే ముందు ఆ పురుగునొకదాన్ని సీసాలో వేసి, దగ్గర్లోని వ్యవసాయ లేదా ఉద్యాన అధికారికి చూపించడం. అయిదు నిమిషాల పని. ఒక సీజన్ మందు ఖర్చు మిగలొచ్చు. కంటికి కనిపించని ఆ కాపలాదార్లూ బతుకుతాయి.

వెళ్లాలంటే...

యారాడ విశాఖ నగరానికి సుమారు 15 కిలోమీటర్లు. సింధియా మీదుగా ఘాట్ రోడ్డులో వెళ్లాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. జీడిమామిడి చిగుళ్లు, మామిడి పూత వచ్చే కాలం కూడా అదే కాబట్టి పురుగుల్ని చూడాలన్నా సరైన సమయం. దారిలో నౌకాదళ ప్రాంతాలున్నాయి, ఫొటోలు వద్దన్నచోట తీయకూడదు. తోటల్లోకి వెళ్లేముందు యజమానిని అడగడం మర్యాద. ఇక్కడి సముద్రం చూడ్డానికి ప్రశాంతంగా ఉన్నా లోపలి లాగుడు ప్రమాదకరం. స్నానాలకు దిగకపోవడమే మంచిది.